ఓడ కొన్నాడు.. ఆ తర్వాత ఒడ్డు కట్టాడు!

సముద్రం లేని ఊళ్లో పుట్టాడు. డిగ్రీ పూర్తి చేయలేదు. మొదటి ఓడ నాలుగేళ్లకే తుక్కు కింద పోయింది. అయినా విశాఖపట్నంలో ఈనాటికీ వేలమందికి అన్నం పెడుతున్న షిప్‌యార్డుకు పునాది వేయించింది ఆయనే. ఉద్యోగాల వేటలో ఉన్న మీరు ఒకసారి తెలుసుకోవాల్సిన జీవితం వాల్‌చంద్ హీరాచంద్‌ది.

తుంగతుర్తిలో బస్సెక్కి సూర్యాపేట వచ్చారనుకోండి. ఊరి పక్క నుంచే హైదరాబాద్-విజయవాడ హైవే కనిపిస్తుంది. రోజూ చూసే రోడ్డే కాబట్టి ఇది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మనలో చాలామంది ఆలోచించరు. అది 65వ నంబరు జాతీయ రహదారి. తూర్పుకు వెళ్తే కోదాడ, విజయవాడ దాటి మచిలీపట్నంలో సముద్రం దగ్గర ఆగుతుంది. పడమరకు వెళ్తే హైదరాబాద్, జహీరాబాద్ దాటి షోలాపూర్ మీదుగా పుణె చేరుతుంది.

షోలాపూర్ మనకు కొత్త పేరేం కాదు. నేత పని కోసం తెలంగాణ పల్లెల నుంచి అక్కడికి వలస వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ వాడలో అడిగినా, మా చుట్టాలున్నారక్కడ అనేవాళ్లు ఒకరిద్దరు దొరుకుతారు. ఆ షోలాపూర్‌లోనే 1882 నవంబర్ 23న వాల్‌చంద్ పుట్టాడు. మన ఊరికి ఎంత సముద్రం ఉందో, ఆయన ఊరికీ అంతే. అంటే అసలే లేదు.

మధ్యలో ఆగిన డిగ్రీ

వాళ్లది గుజరాత్ నుంచి వచ్చి స్థిరపడిన జైన కుటుంబం. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం ఉండేవి. తిండికి లోటు లేదు. బొంబాయి, పుణె కాలేజీల్లో చదివాడు గానీ డిగ్రీ చేతికి రాకుండానే ఇంటికొచ్చేశాడు. కుటుంబ వ్యాపారంలో కూర్చున్నాడు. అది ఆయనకు అచ్చి రాలేదు. సరుకు కొని ధర పెరిగేదాకా ఎదురుచూసే పనిలో డబ్బు పోగొట్టుకున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇంటర్ తర్వాత ఏ కోర్సు, డిగ్రీ తర్వాత ఏ నోటిఫికేషన్ అని ఇంట్లో రోజూ నడిచే చర్చ మీకు తెలిసిందే. ఇరవై ఏళ్ల వయసులో వాల్‌చంద్ పరిస్థితీ దాదాపు అదే. ఇంటి వ్యాపారం మీద మనసు లేదు. వేరే ఏం చేయాలో తెలియదు. అయితే ఆయన వెనక డబ్బున్న కుటుంబం ఉంది, మనలో చాలామందికి అది లేదు. ఆ తేడాను దాచాల్సిన పనిలేదు. కానీ ఆ తర్వాత ఆయన పట్టుకున్న దారి మాత్రం డబ్బుతో దొరికేది కాదు.

రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన లక్ష్మణ్ బల్వంత్ ఫాటక్ అనే ఆయనతో చేతులు కలిపాడు. ఫాటక్‌కు పని తెలుసు, పెట్టుబడి లేదు. వాల్‌చంద్‌కు పెట్టుబడి దొరుకుతుంది, పని తెలియదు. ఇద్దరూ కలిసి బార్శీ లైట్ రైల్వే అనే చిన్న లైను మీద కాంట్రాక్టు పట్టారు. మట్టి కట్టలు పోయడం, కంకర పరచడం, కూలీలను సమకూర్చడం, బిల్లులు పాస్ చేయించుకోవడం.. అన్నీ వాల్‌చంద్ అక్కడే నేర్చుకున్నాడు. ఆయన అసలు కాలేజీ అదే అనుకోవచ్చు.

పని పెరిగింది. తర్వాతి ఏళ్లలో బొంబాయి-పుణె మార్గంలో భోర్ ఘాట్ కొండల్లో రైలు సొరంగాలు తవ్వించే స్థాయికి వెళ్లాడు. 1926లో మొదలైన హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ, అదే హెచ్‌సీసీ, ఆయన పెట్టిందే. సివిల్ ఇంజినీరింగ్ చదివేవాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది.

రైల్లో విన్న కబురు.. నీళ్లలోకి

1919 నాటి సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. రైలు ప్రయాణంలో ఉన్నప్పుడు ఆయన చెవిన ఒక కబురు పడింది: గ్వాలియర్ మహారాజు సింధియా దగ్గరున్న లాయల్టీ అనే ఓడ అమ్మకానికి ఉందని. అది 1891లో కట్టిన ఓడ. మొదట ఎంప్రెస్ ఆఫ్ ఇండియా పేరుతో కెనడా కంపెనీ కింద పసిఫిక్ సముద్రంలో ప్రయాణికులను తిప్పింది. యుద్ధకాలంలో మహారాజు దాన్ని కొని ఆస్పత్రి ఓడగా మార్చాడు.

అప్పటికి వాల్‌చంద్ వయసు 36. ఓడల గురించి ఆయనకు ఏమీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే: దేశంలోంచి బయటికెళ్లే సరుకు, బయటినుంచి వచ్చే సరుకు దాదాపు అంతా బ్రిటిష్ ఓడల మీదే నడుస్తోంది. కిరాయి వాళ్లదే, లాభం వాళ్లదే. నరోత్తం మొరార్జీ వంటి బొంబాయి వ్యాపారులతో కలిసి ఓడ కొన్నాడు. ఓడ అమ్మిన మహారాజు ఇంటి పేరుతోనే సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పుట్టింది. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఆ రోజునే ఇప్పుడు మనం జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

తేదీ వరకే చదివి ఆగిపోతే అసలు కథ తెలియదు. ఓడ అప్పటికే 28 ఏళ్ల పాతది. దాన్ని నడపడం ఖర్చుతో కూడిన పని. లెక్కలు కుదరలేదు. 1921లో బొంబాయిలో ఆపేశారు. 1923లో తుక్కు కింద అమ్మేశారు. దేశమంతా గర్వంగా చెప్పుకునే ఆ ప్రయాణం కంపెనీ లెక్కల పుస్తకంలో మాత్రం నష్టం.

ఆఫర్ల యుద్ధం

పాత ఓడ ఒక్కటే సమస్య కాదు. మన తీరం మీద బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ రాజ్యం చేస్తుండేది. అంతకుముందే తూత్తుకుడిలో వి.ఒ. చిదంబరం పిళ్లై స్వదేశీ ఓడల కంపెనీ పెడితే, కిరాయిలు తగ్గించి దాన్ని నిలవనీయలేదు. సింధియా మీద కూడా అదే మంత్రం ప్రయోగించారు.

అదెలా పనిచేస్తుందో చూడండి. ముందు కిరాయి బాగా తగ్గిస్తారు. దానికితోడు రిబేటు ఆశ చూపిస్తారు. సరుకు పంపే వ్యాపారి కట్టిన కిరాయిలో కొంత తిరిగి ఇస్తామంటారు. అయితే వెంటనే ఇవ్వరు. కొన్ని నెలలపాటు ఒక్క బస్తా కూడా వేరే కంపెనీ ఓడలో వేయకుండా ఉంటేనే ఇస్తారు. మధ్యలో ఒక్కసారి పక్క కంపెనీకి వెళ్తే, అప్పటిదాకా పోగైన రిబేటంతా పోయినట్టే. ఈ రోజుల్లో యాప్‌లు ఇచ్చే క్యాష్‌బ్యాక్ గుర్తొస్తోందా? కిటుకు ఒక్కటే.

చివరికి 1923లో సింధియా కంపెనీ ఒప్పందానికి రావాల్సి వచ్చింది. పదేళ్లపాటు మన తీరం, బర్మా, సిలోన్ మధ్యే తిరగాలి. ఓడల మొత్తం 75 వేల టన్నులు మించకూడదు. లండన్‌కు వెళ్తామని మొదలుపెట్టిన కంపెనీ తీరం వెంట తిరగడానికి సంతకం పెట్టింది. అది ఓటమి అన్నవాళ్లున్నారు. కానీ కంపెనీ బతికింది. ముందు బతకాలి, తర్వాత పెరగాలి అన్నది అక్కడ లెక్క. 1929లో నరోత్తం మొరార్జీ మరణించాక వాల్‌చంద్ చైర్మన్ అయ్యాడు.

బెర్త్ అంటే పడుకునే చోటు కాదు

ఇన్ని దెబ్బల తర్వాత వాల్‌చంద్‌కు ఒక విషయం బాగా అర్థమైంది. ఓడ కొన్నంత మాత్రాన ఓడల వ్యాపారం అయిపోదు. దాని వెనక ఒడ్డు ఉండాలి. ఆ మాటేంటో తెలియాలంటే రేవులో పని ఎలా జరుగుతుందో మీరు చూడాలి.

రైల్లో బెర్త్ అంటే మనం పడుకునే చోటు. రేవులో బెర్త్ అంటే ఓడ నిలబడే చోటు. ఓడ రేవు దగ్గరికి రాగానే నేరుగా లోపలికి రాదు. బయట లంగరు వేసుకుని తన వంతు కోసం ఎదురుచూస్తుంది. బెర్త్ ఖాళీ అయ్యాక ఆ రేవు లోతుపాతులు తెలిసిన పైలట్ చిన్న లాంచీలో వెళ్లి, తాడు నిచ్చెన పట్టుకుని ఓడెక్కుతాడు. టగ్గు పడవలు ఓడను నెడుతూ, లాగుతూ గట్టు దగ్గరికి తెస్తాయి. గట్టు మీదున్న కూలీలు మోకులు అందుకుని ఇనుప గుంజలకు తగిలిస్తారు. అప్పుడు కస్టమ్స్ వాళ్లు, ఆరోగ్య శాఖ వాళ్లు, ఏజెంట్లు వస్తారు. మంచినీళ్లు, ఇంధనం, బియ్యం, కూరగాయలు ఎక్కుతాయి. చెత్త దిగుతుంది. చెడిపోయిన పంపు బాగుచేసే ఫిట్టర్ వస్తాడు. అడుగుభాగం పాడైతే నీళ్లు తోడేసే డ్రైడాక్‌లోకి తీసుకెళ్తారు. ఓడ కదలకుండా ఉన్న ప్రతి రోజూ యజమానికి ఖర్చే.

ఈ పనులన్నీ చేసేవాళ్లు మనవాళ్లు కాకపోతే? బొంబాయిలోని మజగావ్ డాక్ ఓడల మరమ్మతులకు పేరున్న చోటు. అది పీ అండ్ ఓ, బ్రిటిష్ ఇండియా కంపెనీల చేతుల్లో ఉండేది. అంటే మీరు పోటీ పడుతున్నది ఎవరితోనో, మరమ్మతుల యార్డు కూడా వాళ్లదే! ఇక ఓడ నడిపే అధికారులు సరేసరి. భారతీయులకు ఆ శిక్షణ ఇచ్చే ఏర్పాటే దేశంలో లేదు. ఎంతో ఒత్తిడి తెస్తే 1927లో బొంబాయిలో డఫరిన్ అనే శిక్షణ ఓడ మొదలైంది. అక్కడ తయారైన కుర్రాళ్లకు ఉద్యోగాలిచ్చిన కంపెనీల్లో సింధియా ఒకటి.

విశాఖకు వచ్చిన ఓడ

1933లో విశాఖపట్నం రేవు సిద్ధమైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి కాలువ తవ్వి, అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచి, లోపల రేవు కట్టారు. ఆ ఏడాది అక్టోబర్ 7న ఆ రేవులోకి అడుగుపెట్టిన తొలి ఓడ పేరు జలదుర్గ. అది సింధియా కంపెనీదే. ఆ కంపెనీ ఓడల పేర్లు జల అనే మాటతో మొదలవడం ఆనవాయితీ.

ఆ తర్వాత కొన్నేళ్లకు సొంతంగా ఓడలు కట్టే యార్డు కోసం వాల్‌చంద్ స్థలం వెతికాడు. కలకత్తాలో ప్రయత్నించాడు. షరతులు కుదరలేదు. చివరికి చూపు విశాఖ మీద పడింది. కొండ చాటున గాలివానల నుంచి రక్షణ ఉన్న రేవు. జంషెడ్‌పూర్ ఉక్కు రావడానికి రైలు మార్గం. 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. వాల్‌చంద్‌కు అప్పుడు 58 ఏళ్లు. ఒకప్పుడు ప్రభుత్వ ఉద్యోగులు రిటైర్మెంట్ కాగితాలు సర్దుకున్న వయసు.

ఏడాది కూడా నిండకముందే దెబ్బ తగిలింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం ఊరు ఖాళీ చేశారు. యార్డు యంత్రాలను బొంబాయికి తరలించాల్సి వచ్చింది. మొదలుపెట్టిన పని మూటగట్టి మళ్లీ విప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. యుద్ధం సద్దుమణిగాక మళ్లీ మొదలుపెట్టారు. 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా 8 వేల టన్నుల జలఉష నీళ్లలోకి జారింది. స్వతంత్ర భారతదేశంలో కట్టిన మొదటి ఆధునిక ఓడ అది. లాయల్టీ బయల్దేరిన రోజు నుంచి లెక్కేస్తే 29 ఏళ్లు పట్టింది.

చేజారినవి, నిలిచినవి

ఇదే కాలంలో ఆయన మరో రెండు పెద్ద పనులు తలకెత్తుకున్నాడు. 1940 డిసెంబర్‌లో మైసూరు సంస్థానం సాయంతో బెంగళూరులో విమానాల కర్మాగారం పెట్టాడు. దాన్ని 1942లో ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది. అదే ఇప్పటి హెచ్‌ఏఎల్. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన పద్మిని కార్లు ఆ కంపెనీవే.

షిప్‌యార్డు కూడా ఆయన చేతుల్లో నిలవలేదు. ఓడ కట్టడానికి ఇక్కడయ్యే ఖర్చు విదేశాల్లో కంటే ఎక్కువ. ప్రభుత్వ సాయం లేకుండా నడవదు. 1952లో మూడింట రెండొంతుల వాటా ప్రభుత్వం తీసుకుంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ అని పేరు మారింది. 1961లో పూర్తిగా ప్రభుత్వ సంస్థ అయింది. అప్పటికి వాల్‌చంద్ లేడు. ఆరోగ్యం దెబ్బతిని 1950లో సింధియా చైర్మన్ పదవి వదిలేశాడు. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో కన్నుమూశాడు. ఆ సింధియా కంపెనీ కూడా ఈ రోజు ఓడలు నడపడం లేదు.

మరి ఏం మిగిలింది? విశాఖ వెళ్తే చూడండి. షిప్‌యార్డు దగ్గర సిటీ బస్సు ఆగే చోటును ఇప్పటికీ సింధియా అనే పిలుస్తారు. కంపెనీ పోయింది, ఓడలు పోయాయి. ఒడ్డు మిగిలింది. ఆ ఒడ్డు మీద వెల్డర్లు, ఫిట్టర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు, ఇంజినీర్లు మూడు తరాలుగా బతుకుతున్నారు.

మరి మీ సంగతి?

ఓడ అనగానే మనకు తెల్ల యూనిఫాం వేసుకున్న కెప్టెన్ గుర్తొస్తాడు. ఉద్యోగాల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఇదే. కంటికి కనిపించే ఒక్క కుర్చీ కోసం లక్షమంది పోటీ పడతారు. దాని వెనక పనిచేసే వందమంది గురించి ఎవరూ అడగరు. ఒక్క ఓడ గట్టుకు చేరాలంటే ఎంతమంది కావాలో పైన చూశారు కదా.

ఇది సరుకుల ఓడలకే కాదు. కరీబియన్ సముద్రంలో ఆంటిగ్వా అనే చిన్న దీవి ఉంది. అక్కడి ఇంగ్లిష్ హార్బర్‌లో 18వ శతాబ్దపు బ్రిటిష్ నౌకాదళ యార్డు ఒకటుంది. యుద్ధనౌకలు వెళ్లిపోయాక అది మూలన పడింది. తర్వాత బాగుచేసి, షికారు పడవలు, అంటే యాట్‌లు ఆగే మెరీనాగా మార్చారు. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలోకీ ఎక్కింది. యాట్ వచ్చేముందు రేడియోలో అడుగుతుంది. మెరీనా వాళ్లు చోటు చెబుతారు, తాడు అందుకుంటారు, గట్టు మీది నుంచి కరెంటు, నీళ్లు ఇస్తారు. తెరచాప కుట్టేవాళ్లు, ఇంజిన్ మెకానిక్‌లు, వంటసరుకులు చేరవేసేవాళ్లు ఆ చుట్టూ బతుకుతారు. మన దగ్గర కొచ్చిలోని బోల్గాట్టి దీవిలో ఇలాంటి మెరీనా ఉంది. విశాఖలో 2023లో ప్రయాణికుల క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. బందరులో కొత్త రేవు పనులు నడుస్తున్నాయి. అది మన హైవే చివర్లోనే ఉందని మర్చిపోకండి.

ఇంకో కోణం చూడండి. మిర్యాలగూడ మిల్లులో ఆడిన బియ్యం విదేశానికి వెళ్లాలంటే ఎవరో ఒకరు కాగితాలు రాయాలి, కంటైనర్ బుక్ చేయాలి, కస్టమ్స్ దాటించాలి. బీకాం చదివినవాళ్లకు ఇది ఓడెక్కకుండానే చేయగల ఓడ పని.

వాల్‌చంద్ జీవితం చూసి అందరూ కంపెనీలు పెట్టాలని ఎవరూ చెప్పరు. ఆయన పెట్టుబడి మనకు లేదు, ఆయన కాలమూ వేరు. కానీ ఒకటి మాత్రం తీసుకోవచ్చు. ఏదైనా రంగంలో మొదటి ప్రయత్నం పోతే ఆయన ఆ రంగాన్ని వదిలేయలేదు. ఎందుకు పోయిందో వెతికి, లేని దాన్ని కట్టడానికి కూర్చున్నాడు. మీకు వచ్చిన ఆలోచన కుదరకపోతే, తప్పు మీలోనే ఉందని తలపట్టుకోకుండా, దాని వెనక ఉండాల్సిన ఒడ్డు ఏది లేదో వెతకండి. ఇంగ్లిష్ కావచ్చు, ఒక సర్టిఫికెట్ కావచ్చు, ఫాటక్ లాంటి ఒక తోడు కావచ్చు.

ఈ దారిలోకి ఇలా..

ఇంటర్ ఎంపీసీ: ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ నిర్వహించే ఐఎంయూ సెట్ రాయాలి. మెరైన్ ఇంజినీరింగ్, నాటికల్ సైన్స్, నేవల్ ఆర్కిటెక్చర్ కోర్సులుంటాయి. ఈ యూనివర్సిటీకి విశాఖలో క్యాంపస్ ఉంది. ఓడెక్కే ఉద్యోగాలకు కంటిచూపు, రంగులు గుర్తించే పరీక్ష తప్పనిసరి. ఫీజు కట్టకముందే ఆ పరీక్ష చేయించుకోండి.

పదో తరగతి: ఓడలో కింది స్థాయి సిబ్బందికి జీపీ రేటింగ్ శిక్షణ ఉంటుంది. డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న సంస్థలోనే చేరాలి.

ఐటీఐ, డిప్లొమా: వెల్డర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్లు షిప్‌యార్డుల అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూస్తుండాలి. విశాఖలోని సెమ్స్ కేంద్రంలో ఓడల తయారీ, మరమ్మతులకు సంబంధించిన నైపుణ్య శిక్షణ ఉంది.

డిగ్రీ: లాజిస్టిక్స్, కస్టమ్స్ పత్రాలు, షిప్పింగ్ ఏజెన్సీ పనుల్లో బీకాం, బీబీఏ వాళ్లకు అవకాశాలుంటాయి.

జాగ్రత్త: ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగేవాళ్లు పల్లెల దాకా వస్తున్నారు. ఓడల సిబ్బందిని నియమించే ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. లైసెన్సు నంబరు డీజీ షిప్పింగ్ జాబితాలో సరిచూసుకున్నాకే సర్టిఫికెట్లు ఇవ్వండి. నాన్న పొలం కుదువపెట్టి తెచ్చిన డబ్బు ఒక్కసారి పోతే మళ్లీ రాదు.